కోపంతో చేసిన బర్గరు

నా భర్త దొంగచాటుగా చీజ్ బర్గర్లు తింటున్నాడని నాకు చెప్పింది నా పేషెంటు. అప్పుడు నేను ఆమె చేతికి బీపీ పట్టీ చుట్టి గాలి కొడుతున్నాను.

గోదావరికి అవతల, మద్దేడ్‌లో మా ఆరోగ్య కేంద్రంలో వారానికొక రోజు బీపీ, షుగరు చూస్తాం. ఆ రోజు వాన వల్ల అందరూ వరండాలోనే ఇరుక్కుని కూర్చున్నారు. ఆ ముసలమ్మది పక్క ఊరు. ఇంట్లో వాళ్ళ దొర్లి భాష మాట్లాడుతుంది, నాతో తెలుగు. బీపీ ఎప్పటిలాగే ఎక్కువ ఉంది. ఎండుచేపలు మానలేదని కొంగు వాసనే చెబుతోంది. నేను గొంతు పెంచాను.

"ఎన్నిసార్లు చెప్పాలె అవ్వా నీకు? ఉప్పు తగ్గించుమన్ననా లేదా? ఎండుచేపలు బందు పెట్టుమన్ననా లేదా? రేపు కాలూ చెయ్యి పడిపోతే ఎవలు చూస్తరు నిన్ను?"

ఆమె ఏమాత్రం తొణకలేదు.

"నాకు చెప్తున్నవ్ గని నర్సమ్మా, ముందుగాల నీ పెనిమిటికి చెప్పుకో. మొన్న బీజాపూర్ల బస్టాండు కాడ, గదేంది, బన్ను నడుమ కూర పెట్టిస్తరు చూడు, గది తింటుండె. పచ్చగ, వెన్న లెక్క కారుతాంది. మూతి నిండ పూసుకున్నడు. గుండెల స్ప్రింగు ఏసిన మనిషాయె!"

వరండా అంతా ఘొల్లుమంది. ఎనిమిది నెలలుగా నేను నూనె మానమని, బెల్లం మానమని, మాంసం తగ్గించమని తిట్టిన వాళ్ళందరూ ఒక్కసారిగా నవ్వారు. నేను పట్టీలో గాలి వదలడం మరిచిపోయాను. "అమ్మో, నా చెయ్యి!" అని ఆమె అరిస్తేగాని గుర్తు రాలేదు.

నా కోపం అర్థం కావాలంటే ఆ ఎనిమిది నెలల సంగతి చెప్పాలి. నవంబరులో, వరి కోతల రోజుల్లో, మోటార్లు బాగుచేసే మా ఆయన ఒక బోరు మోటారు విప్పుతూ విప్పుతూ రొమ్ము పట్టుకుని ఒరిగిపోయాడు. నేను నర్సును, చూడగానే తెలిసిపోయింది. జీపులో వెనక సీట్లో ఆయన తల నా ఒళ్ళో పెట్టుకుని భోపాలపట్నం మీదుగా, గోదావరి వంతెన దాటి, వరంగల్ దాకా తీసుకుపోయాను. దారి పొడవునా ఆయన మణికట్టు మీద నుంచి వేళ్ళు తీయలేదు. నాడి అందకుండా పోయిన క్షణాలు రెండు ఉన్నాయి. అది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

ఆస్పత్రిలో గుండె నాళంలో స్టెంటు వేశారు. మా ఊళ్ళో అందరూ దాన్ని స్ప్రింగు అంటారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు ఒక కాగితం ఇచ్చాడు, ఏం తినాలో, ఏం తినకూడదో. ఆ కాగితాన్ని వంటింటి గోడకు అంటించి దాన్నే చట్టం చేశాను. పచ్చడి జాడీలు మా తమ్ముడి ఇంటికి పంపించేశాను. వేపుళ్ళు లేవు, తాలింపుకు చెంచాడు నూనె, ఉప్పు చిటికెడు. సొరకాయ, బీరకాయ, పెసరపప్పు, మళ్ళీ సొరకాయ. ఒక్కడికి వేరే వంట చేస్తే చిన్నబుచ్చుకుంటాడని నేనూ అదే తిన్నాను, మా అత్తమ్మా అదే తింది. నాకు ఎండుమిరప కారం లేకపోతే ముద్ద దిగదు. ఎనిమిది నెలలు దించాను. ఇంతలో ఈయన బస్టాండులో మూతికి చీజు పూసుకుంటున్నాడు!

మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి ఆయన పాకలో ఏదో మోటారు ముందర పెట్టుకుని తీగలు చుడుతున్నాడు. గొడుగు మడిచి గుంజకు తగిలించి అడిగాను.

"మొన్న బీజాపూర్ల ఏం తిన్నరు?"

"ఏం తింట? చాయ్ తాగిన."

"చాయ్ మూతికి పచ్చగ అంటుకుంటదా?"

ఆయన చేతులాగాయి. తల ఎత్తలేదు. "ఎవలు చెప్పిండ్రు?" అన్నాడు. అదొక్కటే ఆయనకు పట్టింది, ఎవరు చెప్పారన్నది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో నేను ఆయన్ని 'మీరు' తప్ప అనలేదు. ఆ రోజు 'నువ్వు' అన్నాను.

"ఎవలు చెప్తే నీకేంది? ఊరంత నవ్వుతాంది నా మొఖం మీద. ఎన్నిసార్లు తిన్నవ్?"

"ఒక్కసారే."

"అబద్ధం."

"రెండు మూడు సార్లు తిని ఉంట."

లోపలి నుంచి మా అత్తమ్మ బయటికి వచ్చింది. కొడుకును తిడుతుందేమో అనుకున్నాను. నన్ను తిట్టింది. "తింటే తిన్నడు. నువ్వు పెట్టేది మనుషులు తినే తిండేనా బిడ్డా? ఎప్పుడు చూడు చప్పిడి సొరకాయ. బర్రెకు గూడ కుడితిల ఇంత ఉప్పేస్తం మేము." అంతటితో ఆగితే బాగుండేది. "అందుకే గద, నేను అప్పుడప్పుడు నీ తమ్ముని ఇంటి కాడి నుంచి కొంగుల కట్టుకొచ్చి ఇంత మామిడికాయ తొక్కు పెడుతున్న" అని నోరు జారింది. జారాక నాలిక కరుచుకుంది.

అంటే ఇద్దరూ కలిసే! ఆ ఇంట్లో పథ్యం నిజంగా చేసింది నేనొక్కదాన్నే. నాకేమో ఏ రోగమూ లేదు.

మర్నాడు సెలవు పెట్టి బస్సెక్కి బీజాపూర్ పోయాను. ఆ బర్గరు బండివాణ్ణి నాలుగు దులిపేద్దామని పోయాను. బస్టాండు పక్కన నీలం రంగు ఠేలా బండి, మీద హిందీ అక్షరాలు. నలభై ఏళ్ళ మనిషి, ఇంతకుముందు గుప్‌చుప్, అంటే పానీపూరీ, అమ్మేవాడట, రాయపూర్‌లో ఏదో హోటల్లో పనిచేసి ఇది నేర్చుకుని వచ్చాడట. చీజ్ బర్గర్ ఒకటి ఇమ్మని చేతులు కట్టుకుని నిలబడి చూశాను. పెనం మీద నిమ్మకాయంత వెన్న. కోడి ఖైమా బిళ్ళను అప్పటికే ఒకసారి నూనెలో ముంచి తీసి పెట్టాడు, మళ్ళీ వెన్నలో పొర్లించాడు. పైన రెండు చీజు రేకులు. బన్ను రెండు చెక్కలకూ మయొనీజు. తెల్లగా, మందంగా, గోడకు సున్నం కొట్టినట్టు. నా లోపలి నర్సు ఒక్కొక్కటీ లెక్క పెడుతోంది, నా పళ్ళు వాటంతటవే నూరుకుంటున్నాయి.

తరవాత దాన్ని కొరికాను. చాలా బాగుంది. నా జన్మలో నాకు ఏ తిండి మీదా అంత కోపం రాలేదు. మొదటి ముద్దకే కళ్ళు మూతలు పడ్డాయి. మాడిన అంచు కరకరమంది, వెచ్చని చీజు నాలికంతా పరుచుకుంది, మధ్యలో ఉల్లిపాయ ఘాటు. ఎనిమిది నెలలుగా చప్పిడి తిన్న నోరు. నిలబడి మొత్తం తినేశాను.

మూతి తుడుచుకుని, మా ఆయన ఎలా ఉంటాడో గుర్తులు చెప్పి, ఇక్కడికి వస్తాడా అని హిందీలో అడిగాను.

అతని మొహం విప్పారింది. "మోటార్ వాలే భయ్యానా! వారం వారం వస్తాడు దీదీ. అతను వస్తే ఇక్కడ మేళానే. బావిలో పడ్డ కథ చెప్తాడు, మోటారు బదులు సర్పంచి మిక్సీ విప్పేసిన కథ చెప్తాడు. పక్క చాయ్ దుకాణంలో వాళ్ళు కూడా గ్లాసులు పట్టుకుని ఇటే వచ్చేస్తారు. నవ్వి నవ్వి చస్తాం."

ఎనిమిది నెలలుగా మా ఇంట్లో ఆ మనిషి నవ్వలేదు. కథ చెప్పలేదు. అన్నం ముందు కూర్చుంటాడు, కలుపుతాడు, లేస్తాడు. కోలుకుంటున్నాడు, మెల్లగా అవుతుందిలే అనుకున్నాను నేను. నవ్వంతా ఇక్కడికి మోసుకొచ్చి ముక్కూ మొహం తెలియని వాళ్ళకు పంచుతున్నాడన్నమాట.

"అతనికి గుండెజబ్బు. ఆపరేషన్ అయింది" అన్నాను.

బండివాడి చేతిలో అట్లకాడ ఆగిపోయింది. "నాకు చెప్పలేదు దీదీ. అమ్మ తోడు, చెప్పలేదు. ఎక్స్‌ట్రా వెన్న వెయ్యమని అడిగేవాడు" అన్నాడు. ఆ మొహం చూశాక అతన్ని ఏమీ అనలేకపోయాను. దులపడానికి పోయినదాన్ని, నాలుగు బన్నులు, చీజు క్యూబుల పాకెట్టు ఎక్కడ దొరుకుతాయో అతన్నే అడిగి కొనుక్కుని బస్సెక్కాను. అవి ఎందుకు కొన్నానో బస్సెక్కేదాకా నాకూ తెలియదు.

ఇంటికొచ్చి సంచీ అరుగు మీద పెట్టి, "నవ్వుతవట గద అక్కడ" అన్నాను.

ఆయన సంచీలోకి తొంగి చూశాడు. తరవాత అన్నాడు. "ఆ ఠేలా కాడ నేను పేషెంటునని ఎవలకు తెల్వదు. మోటారు భయ్యా అంటరు. ఇక్కడ ఏమున్నదే? నువ్వు అన్నం పెట్టుకుంట నా మొఖం చూస్తవు, చెమట పట్టిందా అని. దగ్గితే చూస్తవు. పండుకుంటే ముక్కు కాడ చెయ్యి పెట్టి చూస్తవు. నేను బతికి ఉన్ననా సచ్చిననా నువ్వే చెప్పాలె. మనిషికి ఎట్లుంటది?"

నిజమే చెప్పాడు. నిజం చెప్పాడు కాబట్టే ఇంకా మండింది నాకు. "మరి నాకెట్లుంటది?" అని అరిచాను. "జీపుల నీ తల ఎవలు పట్టుకున్నరు? నాడి ఎవలు చూసిండ్రు? భయమంత నాకిచ్చి, రుచంత నువ్వు తీసుకుంటవా?"

నేను సంచీ తీసుకుని వంటింట్లోకి పోయాను. "తినాలనుంటే ఇంట్ల తిను. నేనే చేస్త" అన్నాను. అది ప్రేమతో అన్న మాట కాదు, పంతంతో అన్నది.

మొదటిసారి చేసింది చెప్పుకోవాలంటే సిగ్గు. ఫోన్లో ఒక వీడియో చూశాను. తక్కువ కొవ్వుతో బర్గరు ఎలా చేయాలో ఒకమ్మాయి తెల్లటి వంటింట్లో నిలబడి చెబుతోంది. తక్కువ కొవ్వు చీజు మీ దగ్గరి సూపర్ మార్కెట్లో దొరుకుతుంది అంది. మా దగ్గర పాలే పాకెట్టులో వస్తాయి, అవీ ఒక్కోరోజు విరిగి వస్తాయి. ఓవెన్లో పెట్టండి అంది. ఇంత చల్లగా, నవ్వుతూ చెబుతుంటే ఫోను గోడకు కొట్టాలనిపించింది. అయినా ఆమె చెప్పినట్టే సోయా గింజలు నానబెట్టి, ఓట్సు కలిపి, నూనె చుక్క లేకుండా బిళ్ళలు చేసి ఆవిరి మీద ఉడికించాను. చీజు కంటికి కనబడనంత వేశాను. బూడిద రంగులో ఉన్నాయి అవి. పట్టుకోగానే పొడి పొడిగా రాలిపోయాయి.

మా ఆయన కొరికాడు. నమిలాడు. నములుతూనే ఉన్నాడు. నీళ్ళు తాగాడు. మా అత్తమ్మ తన వాటాను వాకిట్లో కోళ్ళకు విసిరింది. ఒక కోడి వచ్చి పొడిచి చూసి వెనక్కి పోయింది. అది చూసి మా ఆయన నవ్వాడు. ముందు ముక్కుతో, తరవాత పొట్ట పట్టుకుని, కళ్ళ వెంట నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. ఎనిమిది నెలల తరవాత మా ఇంట్లో మొదటి నవ్వు. నేను సంతోషించాలి కదా. చేతిలో ఉన్న పళ్ళెం వాకిట్లోకి విసిరేశాను. అది దొర్లుకుంటూ పోయి బురదలో పడింది. కోళ్ళు చెదిరిపోయాయి.

ఆ తరవాత రెండు మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడకుండా ఒకటే ఆలోచించాను. బస్టాండులో దానికి అంత రుచి ఎక్కడి నుంచి వచ్చింది? వెన్న నుంచే అంతా రాలేదు. పెనం మీద మాడిన అంచులో ఉంది రుచి. చీజు వాసనలో ఉంది, ముక్కలోని తడిలో ఉంది. పులుపూ కారమూ తోడైతే నాలిక వెన్నను అంతగా అడగదు. ఈ ఆలోచన ఎనిమిది నెలల కిందటే రావాల్సింది. కాగితంలో ఉన్నది కొవ్వు తగ్గించమని, ఉప్పు తగ్గించమని. రుచి చంపమని డాక్టరు రాయలేదు. చంపింది నేను. భయపడి చంపాను. ఆయన్ని బతికించుకుంటున్నానని అనుకుంటూ, ఒకవైపు శిక్ష కూడా వేశాను, నన్నంత భయపెట్టినందుకు. అది తెలిశాక ఇద్దరి మీద ఉన్న కోపానికి మూడో మనిషిని, నన్ను, కలుపుకున్నాను.

అంగడి రోజున పుట్టగొడుగులు వచ్చాయి. వానలు పడి ఉరుములు ఉరిమాక అడవి నుంచి తెచ్చి ఆడవాళ్ళు మోదుగాకు దొప్పల్లో పోసి అమ్ముతారు. రెండు దొప్పలు తీసుకున్నాను. బ్రాయిలర్ కోడి తొడ, రొమ్ము చర్మం తీయించి తెచ్చాను. ఖైమా కొట్టమని మా అత్తమ్మ ముందు మొద్దూ కత్తీ పెట్టాను. ఆమె ఒక్క మాటా అడగకుండా కొట్టడం మొదలుపెట్టింది. తొక్కు సంగతి బయటపడ్డప్పటి నుంచి ఆమె నాతో మహా మర్యాదగా ఉంటోంది.

పుట్టగొడుగులను సన్నగా తరిగి, నూనె లేకుండా పెనం మీద వేస్తే నీళ్ళు విడిచాయి. ఆ నీళ్ళు ఇగిరిపోయి మాంసం వాసన లాంటిది లేచేదాకా వేయించాను. సగం ఖైమా, సగం పుట్టగొడుగులు. అందులో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, వెల్లుల్లి, వేయించిన జీలకర్ర. ఉప్పు బదులు వేసవిలో ఎండబెట్టి దాచిన చింతచిగురు పొడి. ఆ పులుపు ఉంటే చిటికెడు ఉప్పు సరిపోతుంది. అరచేతిలో ఒత్తి ఇనుప పెనం మీద ఒక్క చెంచా నూనె రాసి వేశాను, కదపకుండా వదిలేశాను. అంచులు నల్లబడ్డాక తిప్పాను.

చీజు రేకులా వేయకుండా క్యూబును తురుముపీట మీద సన్నగా తురిమితే, సగం క్యూబే బిళ్ళంతా కప్పింది. పెనం అంచున నాలుగు నీళ్ళ చుక్కలు చల్లి మూత పెట్టాను. ఆవిరికి చీజు కరిగి అంచుల నుంచి కిందికి జారింది. జారిన చోట పెనానికి అంటుకుని కరకరలాడే అంచు కట్టింది. మయొనీజు బదులు గుడ్డలో కట్టి వేలాడదీసిన గట్టి పెరుగు, అందులో నిప్పుల మీద కాల్చిన వెల్లుల్లి. టమాటా, పచ్చిమిర్చి కూడా కాల్చి నూరిన పచ్చడి. బన్ను లోపలి మెత్తటి గుజ్జు కొంచెం తీసేసి, వట్టి పెనం మీద కాల్చాను. నిమ్మరసంలో ఊరిన ఉల్లి, దోసకాయ చక్రాలు.

వాన జోరుగా పడుతోంది. ముగ్గురం అరుగు మీద కూర్చున్నాం. మా అత్తమ్మ దాన్ని రెండు చేతులా పట్టుకుని ఎటు నుంచి కొరకాలో తెలియక నాలుగు వైపులా తిప్పింది. మా ఆయన కొరికాడు. చీజు తీగలా సాగింది. నేను ఆయన మొహం చూడకూడదని వానను చూస్తూ కూర్చున్నాను. మెడ నొప్పి పుట్టింది.

"ఉప్పు తక్కువైంది" అన్నాడు.

నేను లేచాను. ఏం చేద్దామని లేచానో తెలియదు.

"కూసో, కూసో" అన్నాడు నోటి నిండా పెట్టుకుని. "తక్కువైనా మంచిగున్నది. ఇంకోటి ఉన్నదా?"

"లేదు. మనిషికి ఒకటే. అడిగితే అది గూడ ఉండదు."

ఆయన వేలితో పళ్ళెం తుడిచి నాకాడు. తరవాత, వాన వైపు చూస్తూ, ఎవరితోనో చెబుతున్నట్టు అన్నాడు. "పండుకుంటే భయమైతదే. లేస్తనో లేవనో అని. బీజాపూర్ల గంట సేపు అది మర్చిపోయేటోణ్ణి. అందుకు పోయేది."

నేను జీపులో నాడి అందని రెండు క్షణాల సంగతి అప్పుడు చెప్పాల్సింది. నోరు తెరిస్తే, "చెప్తే ఏంబోయింది ఎనిమిది నెలల సంది?" అని కసురే వచ్చింది. మా అత్తమ్మ చీజు అంటిన చేత్తోనే నా మోకాలు తట్టింది.

బీజాపూర్ ఇప్పటికీ పోతాడు, బేరింగుల కోసం, తీగ కోసం. ఠేలా దగ్గర చాయ్ తాగి కథలు చెప్పి వస్తాడు. ఆ బండివాడే ఆయనకు బర్గరు పెట్టనంటున్నాడట. నెలకు రెండు ఆదివారాలు ఇంట్లో చేస్తాను. మిగతా రోజుల్లో సొరకాయకు కూడా చింతచిగురు, కాల్చిన మిర్చి పడుతున్నాయి.

పోయిన ఆదివారం నాకు జ్వరం వచ్చి పడుకున్నాను. వంటింట్లో చప్పుడు, మాడు వాసన. లేచి వెళ్ళేసరికి ఆయన బిళ్ళలు పెనానికి అంటించుకుని గీకుతున్నాడు, మా అత్తమ్మ పక్కన నిలబడి బన్నులు కాలుస్తోంది. మూడు పళ్ళేలు నా ముందుకు వచ్చాయి. నాకు అనుమానం వచ్చి ఆయన బన్ను పైచెక్క ఎత్తి చూశాను. రెండు క్యూబుల చీజు.

"కళ్ళు కనబడుతలేవా నీకు? సగమని చెప్పిన్నా లేదా?" జ్వరంతోనే అరిచాను. 'మీరు' అనడం పాకలో గొడవపడ్డ రోజు నుంచీ మళ్ళీ రాలేదు.

"చెయ్యి జారింది" అన్నాడు.

చెంచా తీసుకుని ఆయన బిళ్ళ మీది చీజు మూడొంతులు గీకి నా బన్నులో వేసుకున్నాను. ఆయన చూస్తుండగా కొరికాను. ఒక పక్క మాడింది, లోపల కొంచెం పచ్చిగా ఉంది, ఉప్పు ఎక్కువైంది. "అవతల పడేసే లెక్కున్నది" అన్నాను. మొత్తం తిన్నాను, తిన్నంతసేపూ తిడుతూనే.